తీరికవేళల యంత్రభాషలు

మనిషికి జీవనోపాధి ఒకటి, మనోవినోదం మరొకటి. ఒకరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. మరొకరు పెరటిలో గులాబీలకు అంట్లు కడతారు. ఇంకొకరు పాత గడియారాలు విప్పి మళ్ళీ బిగిస్తారు. వీటివలన పైసా రాబడి లేకపోయినా, ఆ పనిలో ఉన్నంతసేపు వారి ముఖంలో కనిపించే వెలుగు ఉద్యోగంలో ఉన్నప్పుడు కనిపించదు. నాకును అట్టి వ్యసనం ఒకటి ఉన్నది. రాత్రి భోజనమైన పిమ్మట, ఇల్లంతా నిద్రపోయిన తరువాత, కంప్యూటరు ముందు కూర్చుండి చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాస్తూ ఉంటాను. నేను చదివినది తెలుగు సాహిత్యం. చేస్తున్నది రేడియో కొలువు. ఈ యంత్రవిద్య నాకెవరూ అప్పగించిన పని కాదు. దానిని గురించి నాలుగు మాటలు మీతో ముచ్చటించవలెనని నా కోరిక.

ప్రోగ్రాము అనగా యంత్రానికి వరుసగా ఇచ్చే ఆదేశముల పట్టిక. యంత్రం తనంతట తాను ఎరిగినవి రెండే స్థితులు: ఒకటి, సున్న. ఆ రెండింటితోనే మనిషి దానితో మాట్లాడవలెనంటే ప్రాణం విసుగుతుంది. అందుచేత మనిషి పలుకుబడికి కొంత దగ్గరగాను, యంత్రం గ్రహించుటకు వీలుగాను మధ్యేమార్గంగా కొన్ని భాషలను కల్పించినారు. ఇవి ఒకటి రెండు కావు. వందలకొలది ఉన్నవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వ్యాకరణం, ఒక్కొక్క స్వభావం.

ఈ భాషల చరిత్రలో వినోదానికి ఉన్న స్థానం చిన్నది కాదు. 1843లో ఆంగ్లదేశంలో ఎడా లవ్‌లేస్ అనే విదుషీమణి, చార్లెస్ బాబేజ్ తలపెట్టిన గణనయంత్రాన్ని గురించి వ్యాఖ్య వ్రాస్తూ, బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రంచేత ఎట్లు గణింపజేయవచ్చునో అంచెలంచెలుగా పట్టిక వేసి చూపినది. ఆ యంత్రం ఎన్నడూ పూర్తి కాలేదు. లేని వీణకు స్వరం వ్రాసినట్లయినది. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనువారలు, విజ్ఞానశాస్త్రం చదువని విద్యార్థులు కూడ కంప్యూటరును వాడుకోవలెనను సదుద్దేశంతో 1964లో బేసిక్ అనే సులభమైన భాషను కల్పించినారు. 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు కార్యాలయం మూసివేసియుండగా, హాలెండు దేశీయుడైన గిడో వాన్ రోసమ్ కాలక్షేపంగా ఒక కొత్త భాషను మొదలుపెట్టినాడు. అదియే నేడు లోకమంతటా వాడుకలో ఉన్న పైథాన్. ఆ పేరు కొండచిలువను బట్టి పెట్టినది కాదు. బి.బి.సి. వారి టెలివిజన్ హాస్య కార్యక్రమమైన మాంటీ పైథాన్‌ను బట్టి పెట్టినది. ప్రసారశాఖవాడిని కాబట్టి ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం గర్వం కలిగినది. 1991లో హెల్సింకీ నగరంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, తాను చేస్తున్నది వట్టి సరదా పని అని చెప్పుకొంటూనే లినక్స్‌ను వెలువరించినాడు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ అదియే పునాది.

నా సరదాలు ఇంత ఘనమైనవి కావు. నేను వ్రాసినవాటిని నేను తప్ప మరొకరు వాడినది తక్కువ. అయినను ప్రతి భాషా నాకొక కిటికీ తెరచినదని చెప్పగలను.

1990ల మధ్యకాలంలో మా పాఠశాలకు రెండు కంప్యూటర్లు వచ్చినవి. వారానికి ఒకసారి చెప్పులు బయట విడిచి ఆ గదిలోనికి పోయేవారము. అక్కడ నేర్చినది బేసిక్. మేము నేర్చిన ఆ భాషలో అప్పట్లో ప్రతి పంక్తికి ఒక సంఖ్య ఉండవలసియుండేది. ఒకటి, రెండు, మూడు అని కాక పది, ఇరవై, ముప్పై అని వేయుమని మా మాస్టరుగారు చెప్పినారు. ఎందుకనగా, తరువాత జ్ఞాపకం వచ్చిన మాటను నడుమ ఇరికించుటకు చోటుండవలెను. రేడియోలో కార్యక్రమ పట్టికలు వేసేటప్పుడు ఆ మాట నాకు ఈనాటికీ పనికివస్తున్నది.

కళాశాలలో ఛందస్సు చదువుకొనే రోజులలోనే పక్కగది మిత్రుని వద్ద సి భాష నేర్చుకొన్నాను. అది 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలలో డెనిస్ రిచీ కల్పించినది. పగలు గురులఘువులు, రాత్రి ఒకటీ సున్నలు. కొంతకాలానికి ఈ రెండును ఒకటేనని తోచినది. నాకు తోచినదేమి, పింగళుడు క్రీస్తుకు పూర్వమే చెప్పినాడు. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారమని ఒక ప్రక్రియ కలదు. ఇన్ని అక్షరముల పాదంలో గురులఘువులు ఎన్ని విధములుగా అమరగలవో వరుసగా వ్రాసి చూపుట దాని పని. ఒక అక్షరానికి రెండు విధములు, రెండింటికి నాలుగు, మూడింటికి ఎనిమిది. ఆ ఎనిమిదే మనం యమాతారాజభానసలగం అని వల్లించే గణములు. ఇరువది అక్షరముల పాదానికి వచ్చే భేదములు 10,48,576. అందులో ఒకటి మన ఉత్పలమాల. దాని వరుస సంఖ్య 3,55,799.

వృత్తాన్ని చూచి సంఖ్య చెప్పుట ఉద్దిష్టము. సంఖ్యను చూచి వృత్తం చెప్పుట నష్టము. నష్టమునకు సూత్రం అతి సులభం. సంఖ్య సరియైనదైతే ఒక లఘువు వ్రాసి దానిని సగం చేయవలెను. బేసియైతే ఒక గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయవలెను. కావలసినన్ని అక్షరములు వచ్చువరకు ఇట్లే చేయవలెను. శ్రోతలు కాగితం పెన్సిలు తీసికొని 3,55,799తో మొదలుపెడితే గురువు, లఘువు, లఘువు అని భగణం తనంతట తానే వచ్చును. దాని వెంట రగణం, నగణం వచ్చును.

నేను దీనిని సి భాషలో వ్రాసి ఎంతో ఉత్సాహంతో నడిపించినాను. పదునారు అక్షరములు సరిగా వచ్చినవి. చివరి నాలుగు అక్షరములు లఘువు, గురువు, లఘువు, గురువు కావలసియుండగా నాలుగును గురువులే అయినవి. ఉత్పలమాల తోక తెగినది. ఆ రాత్రంతా పింగళుని సూత్రాన్ని అనుమానించినాను. రెండవనాటికి గాని తప్పు ఎక్కడనో తెలియలేదు. నాటి ఆ యంత్రంలో మామూలు పూర్ణసంఖ్యకు కేటాయించిన స్థలం పదునారు గళ్ళు మాత్రమే. అందులో 32,767కు మించిన సంఖ్య పట్టదు. నా సంఖ్యలో పట్టని భాగాన్ని యంత్రం నిశ్శబ్దంగా పారవేసి, మిగిలిన 28,119తో లెక్క పూర్తిచేసినది. తప్పు చేసినానని చెప్పలేదు. పాత్ర చిన్నదైతే సముద్రం వద్దకు పోయినను చెంబెడే వచ్చునన్న సంగతి నాకు పాఠ్యపుస్తకం నేర్పలేదు. ఆ చివరి నాలుగు గురువులు నేర్పినవి.

తరువాతి సంవత్సరములలో ఈ ఒక్క లెక్కనే పలుభాషలలో వ్రాసి చూచుట నాకొక ఆట అయినది. లిస్ప్ అనే భాష 1958లో జాన్ మెకార్తీ ఆలోచనలో పుట్టినది. అందులో చూచినచోటనెల్ల కుండలీకరణములే. కాని ఆ భాషలో ఆలోచించే తీరు వేరు. “ఒక సంఖ్యకు వృత్తమేది?” అని అడిగితే, “ముందొక అక్షరం, దాని వెనుక సగం సంఖ్యకు వచ్చే వృత్తం” అని చెప్పి ఊరకుండవచ్చును. ప్రశ్న తనలోని చిన్న ప్రశ్నను తానే పిలుచుకొని పని ముగించుకొనును. ప్రోలాగ్ అనే మరొక భాష 1972 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు మార్సెయిల్‌లో పుట్టినది. అందులో చేయవలసిన పనిని చెప్పము. సంఖ్యకు వృత్తానికి గల సంబంధాన్ని మాత్రమే చెప్పుదుము. జాగ్రత్తగా చెప్పగలిగితే ఆ ఒక్క సంబంధమే ఇటునుండి నష్టముగాను, అటునుండి ఉద్దిష్టముగాను పనిచేయును. శాస్త్రకారులు రెండు పేర్లు పెట్టిన ప్రక్రియలు ఒకే నాణెమునకు బొమ్మా బొరుసూ అని నాకు నిజంగా బోధపడినది ఆనాడే. భాష మారినప్పుడు జవాబు మారలేదు. ప్రశ్నను నేను చూచే చూపు మారినది. అనువాదం చేసినవారికి ఈ అనుభవం కొత్త కాదు.

ఇవిగాక చిల్లర పనులు అనేకం. ఒక మాత్ర, రెండు మాత్రలు, మూడు మాత్రలు అని కొలతలు పెంచుకొంటూ పోతే గురులఘువుల అమరికలు 1, 2, 3, 5, 8 అని పెరుగును. ప్రతి సంఖ్యయు తన ముందరి రెండింటి మొత్తం. ఐరోపాలో ఫిబొనాచీ 1202లో వ్రాసిన గ్రంథాన్ని బట్టి ఈ శ్రేణికి ఆయన పేరు పెట్టినారు. కాని విరహాంకుడు, హేమచంద్రుడు మొదలైన మన ఛందోవేత్తలు అంతకు పూర్వమే దీనిని ఎరుగుదురు. అట్లే, ఆటవెలదికి గణముల ఎంపికలో ఎంత స్వేచ్ఛ ఉన్నదని ఒక రాత్రి లెక్క వేయించినాను. యతిప్రాసల మాట అటుంచి, సూర్యగణములు రెండు, ఇంద్రగణములు ఆరు కాగా, నాలుగు పాదములకు 8,49,34,656 విధములు వచ్చినవి. ఆటవెలది అంత తేలికగా ఎందుకు నడుచునో దీనివలన కొంత తెలియును.

తెలుగు వ్రాతను యంత్రానికి నేర్పబోయినప్పుడు మాత్రం చిక్కులు మొదలైనవి. యూనికోడ్ అనే అంతర్జాతీయ సంకేతపద్ధతిలో 1991లోనే తెలుగుకు స్థానం ఏర్పడినది. కాని అందులో ఉన్నవి మనం కంటితో చూచే అక్షరములు కావు. హల్లు ఒకటి, పొల్లు గుర్తు ఒకటి, గుడి ఒకటి, కొమ్ము ఒకటి. ‘లక్ష్మి’ అను మాటలో మన కంటికి కనిపించేవి రెండు అక్షరములు. యంత్రం లెక్కించేవి ఏడు సంకేతములు. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసినది. ‘జ్ఞా’ అను అక్షరానికి సంబంధించిన ఒకానొక సంకేతక్రమం తెరమీదికి రాగానే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలినవి. కొద్దిరోజులలోనే ఆపిల్ సంస్థవారు సవరణ పంపినారు. జ్ఞానమునకు మొదటి అక్షరం యంత్రమును దిగ్భ్రాంతపరచినదని మిత్రులు హాస్యమాడుకొన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా తండ్రిగారు తెలుగు ఉపాధ్యాయులు. విశ్రాంతి తీసికొన్న తరువాత నూట ఎనిమిది పద్యములు వ్రాసి ఒక నోటు పుస్తకంలో దాచుకొన్నారు. అన్నియు ఉత్పలమాలలు, చంపకమాలలు. అచ్చు వేయించుకొనే కోరిక ఉన్నను ఎన్నడూ నోరు విడిచి అడుగలేదు. ఆయన పోయిన ఏడాదికి ఆ పుస్తకం నా చేతికి వచ్చినది. స్వయంగా టైపు చేసి, సంవత్సరీకములనాటికి అచ్చు వేయించి బంధుమిత్రులకు పంచవలెనని సంకల్పించినాను. పనిలోపనిగా పైథాన్‌లో ఒక ప్రోగ్రాము వ్రాసినాను. అది ప్రతి పాదమును గురులఘువులుగా విడదీసి గణములు సరిచూచును. దీర్ఘము గురువు. సున్న ఉన్నది గురువు. విసర్గ ఉన్నది గురువు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. పొల్లుతో కూడినది గురువు. తక్కినది లఘువు. చిన్ననాట కంఠస్థం చేసిన సూత్రములే.

ప్రోగ్రాము క్షణంలో పని ముగించి పదమూడు చోట్ల గణభంగం ఉన్నదని చెప్పినది. నా మనసు చివుక్కుమన్నది. ఆయన జీవితకాలమంతా పిల్లలకు ఛందస్సు చెప్పినారు. పదిమంది చేతిలో పడే పుస్తకంలో తప్పులుండరాదని, పది రాత్రులు కూర్చుండి ఆ పదమూడు చోట్లను నేనే దిద్దినాను. ఒకచోట విశేషణం మార్చినాను. ఒకచోట క్రియను ముందుకు జరిపినాను. మళ్ళీ ప్రోగ్రాము నడిపించినాను. ఒక్క తప్పు లేదు. ఎంతో తృప్తి కలిగినది. ప్రతిని అచ్చుకు పంపినాను.

ప్రూఫులు వచ్చిననాడు మా అమ్మ వాటిని వసారాలో కూర్చుండి పైకి చదువుకొంటున్నది. ఆమె ఛందస్సు చదువలేదు. నలభై యేండ్లు ఆయన పద్యములు విన్నది. ఒక పాదం దగ్గర ఆగిపోయినది. మళ్ళీ మొదటినుండి ఎత్తుకొని మళ్ళీ అక్కడే ఆగినది.

“ఒరేయ్, ఇది మీ నాన్నగారి మాట కాదురా,” అన్నది.

“గణం తప్పిందమ్మా, కొంచెం సరిచేశాను,” అన్నాను.

“ఎక్కడ తప్పింది? ఇక్కడ ఆయన ఒక్క క్షణం ఆగి తరువాతి మాట అందుకునేవారు. నువ్వు ఆగనివ్వలేదు,” అన్నది.

నేను నోటు పుస్తకం తెచ్చి చూచినాను. పాతకాలపు అలవాటు చొప్పున మా తండ్రిగారు పద్యములలో మాటకూ మాటకూ నడుమ ఎడము విడువలేదు. అన్నియు కలిపి వ్రాసినారు. నేనును అట్లే టైపు చేసినాను. ఇప్పుడు ‘అతడు ప్రేమతో’ అనునది చూడండి. ఇవి రెండు వేరు వేరు తెలుగు మాటలు. ‘ప్రే’ అనునది సంయుక్తాక్షరమే గాని, దాని ముందరి ‘డు’ వేరొక పదానికి చెందినది కాబట్టి గురువు కాదు, లఘువే. ‘రాజప్రాసాదము’ అనునది సంస్కృత సమాసం. అందులో ‘జ’ గురువగును. చూపునకు రెండు చోట్లా పరిస్థితి ఒకటే. భేదం తెలియవలెనంటే పదం ఎక్కడ ముగిసినదో, ఏది సమాసమో, అనగా అర్థమేమిటో తెలియవలెను. నా ప్రోగ్రాముకు ఆ తెలివి లేదు. అది నాకు ఉండి కూడ నేను ఉపయోగించలేదు. ఆ నియమం నాకు తెలియనిది కాదు. యంత్రం తప్పన్నది కదా అని సరిచూడక మా తండ్రిగారి పద్యము మీద కలం పెట్టినాను.

పదమూడింటిని మళ్ళీ ఒక్కొక్కటిగా పైకి చదివి చూచినాను. పదకొండు చోట్ల ఆయన సరి, యంత్రం తప్పు. రెండు చోట్ల మాత్రం నిజంగానే గణం తప్పినది. వాటినేమి చేయుదునని అమ్మను అడిగినాను. “ఆయన చూసుకుంటే ఆయనే దిద్దుకునేవారు. నువ్వు దిద్దితే అది నీది అవుతుంది,” అన్నది. అచ్చు ఆపించి, పదమూడు చోట్లా మూలప్రతిలోని మాటలనే పెట్టించినాను. ఆ రెండు తప్పులును పుస్తకంలో అట్లే ఉన్నవి.

తరువాత ప్రోగ్రామునూ మార్చినాను. వెనుక దానికి గురువు, లఘువు అని రెండే జవాబులుండేవి. ఇప్పుడు మూడవది ఒకటి చేర్చినాను: సందేహం. సంయుక్తాక్షరానికి ముందు పదం విరిగే అవకాశం ఉన్నచోట అది నిర్ణయం చేయదు. ప్రశ్నార్థకం వేసి మనిషిని అడుగును. నా ప్రోగ్రాములన్నిటిలో అది నేను చేసిన మేలైన సవరణ అని అనుకొంటాను. పాత ప్రతిని కూడ చెరిపివేయలేదు. ఏనాడు ఏమి తప్పు చేసినానో తేదీతో సహా వ్రాసి దాని పక్కనే ఉంచినాను.

ఈ మధ్య ఒక యువమిత్రుడు నన్ను అడిగినాడు: “అడిగిన ప్రోగ్రామును అడిగినట్లు వ్రాసిపెట్టే యంత్రములు 2022 తరువాత ఇంటింటికీ వచ్చినవి గదా. ఇంకను మీకీ శ్రమ ఎందుకు?” ప్రశ్న సహేతుకమైనదే. నష్టమునకు ప్రోగ్రాము వ్రాయుమని నేనును అట్టి యంత్రమును అడిగి చూచినాను. రెప్పపాటులో వ్రాసిపెట్టినది. సరిగానే ఉన్నది. పని జరుగుటయే ముఖ్యమైనచోట అట్లు వ్రాయించుకొనుటలో తప్పు లేదు. కాని నా తీరికవేళల పంట ఆ ప్రోగ్రాము కాదు. ఒక నియమాన్ని ఏమీ తెలియని యంత్రానికి చెప్పవలెనంటే ముందు దానిని నేను నిశ్శేషంగా తెలిసికోవలెను. తెలుసుననుకొన్నది ఎంతవరకు తెలుసునో అక్కడ బయటపడును. ఛందస్సులో పట్టా పుచ్చుకొన్న నాకు, గురువు అనగా ఏమిటో నిజంగా తెలిసినది నా ప్రోగ్రాము తప్పిననాడు.

విద్యార్థులైన శ్రోతలకు ఒక మనవి. ప్రోగ్రాములు నేర్వగోరువారు దూరపు విషయముల కొరకు వెదకనక్కరలేదు. మీ ఇంటి పాలలెక్క, మీ తాతగారి పంచాంగం, మీ అమ్మమ్మ పొడుపుకథలు, మీ పొలంలో కురిసిన వాన, ఏదైనను చాలును. ఒకే లెక్కను రెండు మూడు భాషలలో వ్రాసి చూడండి. జవాబు వచ్చినప్పుడు సంతోషించండి గాని వెంటనే నమ్మవద్దు. ఆ విషయం తెలిసిన పెద్దలెవరికైన ఒకసారి చదివి వినిపించండి.

ముగించే ముందు ఒక చిన్నమాట. రేడియో ప్రసంగానికి కాలమే ఛందస్సు. తెలుగులో మాటలు పొడవు పొట్టి అగుటచేత మాటల లెక్కతో కాలం తేలదు. అందుచేత నా పద్యాల ప్రోగ్రామునే కొంచెం మార్చి, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రల చొప్పున వ్రాతప్రతులను కొలుస్తున్నాను. ఈ ప్రసంగానికి ఇంకను నలభై క్షణములు మిగులునని అది చెప్పినది. ఎదుటి గోడ గడియారం మాత్రం వేళ అయినదంటున్నది. అనుభవం చేత నేను గడియారం మాటే వింటున్నాను. సెలవు.